అటక దిగిన పాత సామాను: వేలానికి ఏది, అంగడికి ఏది

తిరుపతిలోనో చిత్తూరులోనో పాత మిద్దె పడగొట్టేటప్పుడు అటక మీంచి దిగే సామాను ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. దసరా కొలువు బొమ్మల పెట్టె, ఒక జత ఎర్రచందనం బొమ్మలు, అద్దం కట్టిన లక్ష్మీ సరస్వతుల పటాలు, ఇత్తడి దీపపు సెమ్మెలు, ఎవరో విదేశం నుంచి తెచ్చిన పింగాణీ బొమ్మ, కీ ఇచ్చే హెచ్ఎంటీ వాచీ. వీటిని అమ్మడానికి నాలుగు దారులున్నాయి. పాత సామాన్ల అంగడిలో తూకానికి వేయడం, చెన్నై లేదా బెంగళూరు పాతవస్తువుల వ్యాపారికి ఒకే మాటగా ఇచ్చేయడం, ఆన్‌లైన్‌లో నేరుగా పెట్టడం, వేలం సంస్థకు అప్పగించడం.

చాలామంది వస్తువు వయసు చూసి దారి ఎంచుకుంటారు. ‘మా తాత కాలంది’ అంటే వేలానికి, కొత్తగా కనిపిస్తే అంగడికి. ఈ లెక్క తప్పు. అదే వస్తువు తనకే కావాలని పట్టుబట్టేవాళ్ళు కనీసం ఇద్దరు ఒకేసారి పాటలో ఉంటేనే వేలం పనిచేస్తుంది. ఒక్కరే ఉంటే పాట రిజర్వు ధర, అంటే ఇంతకు తక్కువైతే అమ్మమని ముందే పెట్టుకున్న కనీస ధర దగ్గరే ఆగిపోతుంది. నూటయాభై ఏళ్ళ ఇత్తడి బిందె కోసం ఇద్దరు పోటీ పడరు. చెమ్కీ కుట్టిన రవివర్మ పటం కోసం నలుగురు పడతారు.

ధర కంటే ముందు చట్టం

మూడు రకాల వస్తువులను మొదటే పక్కన పెట్టాలి. వీటి విషయంలో పొరపాటు జరిగితే పోయేది డబ్బు ఒక్కటే కాదు.

ఒకటి ఏనుగు దంతం. కుంకుమ భరిణె, దువ్వెన, చెక్కపెట్టె మీద పొదిగిన చిన్న ముక్క, ఏదైనా సరే, ఎన్నేళ్ళదైనా సరే, మన దేశంలో అమ్మడం కుదరదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో, 1991లో చేసిన సవరణలతో ఆ వ్యాపారం ఆగిపోయింది. దంతమా, ఎముకా అన్న అనుమానం వస్తే భూతద్దంతో చూడండి. ఎముకలో సన్నని నల్లని చుక్కలు, గీతలు కనిపిస్తాయి. దంతాన్ని అడ్డంగా కోసిన చోట ఒకదాన్నొకటి దాటుకుపోయే వంపుగీతల అల్లిక ఉంటుంది.

రెండోది పునాది తవ్వకంలో దొరికినది. నాణేల కుండ కానీ, విగ్రహం కానీ, విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిక్షేపాల చట్టం చెబుతుంది. పది రూపాయలన్నది ఆనాటి లెక్క, ఇప్పటికీ మారలేదు. స్థలం మీదే అయినా అది మీ అటక సామాను కాదు.

మూడోది లోహ, రాతి విగ్రహాలు. వందేళ్ళు దాటిన కళావస్తువు, డెబ్బయ్యైదేళ్ళు దాటిన విలువైన చేతిరాత ప్రతి, 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం కిందికి వస్తాయి. ఆ చట్టం 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. విగ్రహాల వంటి కొన్ని రకాలకు పురావస్తు శాఖ రిజిస్టరింగ్ అధికారి దగ్గర నమోదు తప్పనిసరి, చేతులు మారినప్పుడు ఆ సంగతి కూడా తెలియజేయాలి. దేశం లోపల అమ్ముకోవచ్చు, బయటికి పంపకూడదు. అందుకే లండన్, న్యూయార్క్ వేలాల్లో పలికిన ధరలు చూసి ఇక్కడి విగ్రహానికి విలువ కట్టడం పనికిరాదు. ఇక్కడ పాట పాడేవాళ్ళంతా దేశం లోపలివాళ్ళే.

విగ్రహం పీఠానికి అటూ ఇటూ బొక్కలు గానీ కొక్కేలు గానీ ఉంటే అది ఊరేగింపులో వాహనానికి బిగించే ఉత్సవమూర్తి కావచ్చు. కాగితాలు లేని అలాంటి విగ్రహాన్ని కొనొద్దు, అమ్మొద్దు. ఏ గుడి నుంచి తప్పిపోయిందో తేలేలోగా మీరు పోలీసు స్టేషన్లో కూర్చుంటారు. మంచి వేలం సంస్థ అయితే నమోదు పత్రం లేనిదే దాన్ని ముట్టుకోదు. అడగకుండా తీసుకునే చోటుంటే ఆ చోటే అనుమానించదగింది.

చేతికి వచ్చేది ఎంత

వేలంలో ఖాయమైన పాట వేరు, మీ ఖాతాలో పడేది వేరు. అమ్మకందారు దగ్గర కమీషను తీస్తారు, దాని మీద జీఎస్టీ ఉంటుంది, ఫొటోలకు, జాబితాలో వేయడానికి కొన్నిచోట్ల విడిగా వసూలు చేస్తారు. ప్యాకింగు, రవాణా మీవే.

ఉదాహరణకు పాట 10,000 దగ్గర ఆగింది, కమీషను 15 శాతం అనుకుందాం. కమీషను 1,500, దానిపై 18 శాతం జీఎస్టీ 270, ఫొటోలకు 500, తిరుపతి నుంచి ప్యాకింగుతో సహా పంపడానికి 1,200. మొత్తం 3,470 పోయి చేతికి వచ్చేది 6,530. అదే వస్తువుకు వ్యాపారి ఇంటికొచ్చి ఏడు వేలిస్తానంటే ఆయనకే ఇవ్వడం మేలు.

పాట 40,000కు పోతే కథ మారుతుంది. కమీషను 6,000, జీఎస్టీ 1,080, మిగతా ఖర్చులు అవే 1,700. పోయేది 8,780, మిగిలేది 31,220. మొదటి లెక్కలో మూడో వంతుకు పైగా హరించుకుపోయింది, రెండోదాంట్లో ఐదో వంతుకు కాస్త పైన. పదిహేను వేలకు లోపు పలికే ఒంటరి వస్తువును వేలానికి పంపడం దండగ అని మా అభిప్రాయం. అలాంటివి నాలుగైదు కలిసి ఒకే పెట్టెలో వెళ్తే, రవాణా ఖర్చు పంచుకుంటే, అప్పుడు ఆలోచించవచ్చు.

రిజర్వు ధర గురించి ఒక మాట. ఆశకొద్దీ ఎక్కువ పెట్టించుకుంటే వస్తువు అమ్ముడుపోకుండా తిరిగొస్తుంది. ఆన్‌లైన్ జాబితాల్లో అది అందరికీ కనిపిస్తుంది, తర్వాతి వేలంలో అదే వస్తువును కొనేవాళ్ళు తేలిగ్గా చూస్తారు. సంస్థ చెప్పిన అంచనాలో కింది అంకె కంటే రిజర్వు తక్కువగా ఉంటేనే పాట కదులుతుంది. తిరిగొచ్చిన వస్తువుకు రుసుము వేస్తారా, మధ్యలో వెనక్కి తీసుకుంటే ఎంత కట్టాలి అన్నవి ఒప్పంద పత్రంలో చూసుకోండి.

పన్ను సంగతీ ఉంది. వాచీ, రేడియో, మంచం వంటివి సొంత వాడుక సామాను కింద మినహాయింపులో పోతాయి. చిత్రాలకు, శిల్పాలకు, కళావస్తువులకు ఆ మినహాయింపు లేదు. రెండేళ్ళకు మించి చేతిలో ఉన్నవాటి లాభంపై దీర్ఘకాలిక మూలధన పన్ను 12.5 శాతం. వారసత్వంగా వచ్చినదైతే పెద్దల చేతిలో ఉన్న కాలం కూడా కలుస్తుంది, 2001 ఏప్రిల్ 1 నాటికి ముందుదైతే ఆ రోజు విలువను కొన్న ధరగా చూపొచ్చు. పెద్ద మొత్తమైతే ఆడిటరును ముందే అడగండి. రెండు లక్షలు, ఆపైన నగదుగా మాత్రం తీసుకోకండి.

రవివర్మ పటాలు

మన జిల్లాల ఇళ్ళలో దొరికేవాటిలో వేలానికి బాగా సరిపోయేవి ఇవే. దేశమంతా సేకరించేవాళ్ళున్నారు, బరువు తక్కువ, పోలిక ధరలు పాత వేలాల ఫలితాల్లో దొరుకుతాయి. అందుకే నకిలీలు కూడా వీటిలోనే ఎక్కువ.

రవివర్మ ముద్రణాలయం 1894లో బొంబాయిలో మొదలై, తర్వాత లోనావలా దగ్గరి మళవలికి మారింది. జర్మనీ నుంచి వచ్చిన ఫ్రిట్జ్ ష్లైషర్ చేతికి పోయి చాలాకాలం నడిచింది, 1972లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. రాతి అచ్చుల మీద ఒక్కో రంగుకు ఒక్కో రాయి చొప్పున ముద్రించేవారు. పదింతలు పెద్దగా చూపే భూతద్దం కింద ఆ పటంలోని చుక్కలు చేత్తో పెట్టినట్టు ఎగుడుదిగుడుగా, సైజులు కలవకుండా ఉంటాయి. ఇప్పటి ఆఫ్‌సెట్ నకలులో నాలుగు రంగుల చుక్కలు వరుస తప్పకుండా, చిన్న పువ్వుల్లా గుంపులు కట్టి కనిపిస్తాయి. ఈ ఒక్క పరీక్షతో చాలా నకళ్ళు పట్టుబడతాయి. కాగితం పసుపుగా ఉందని నమ్మకండి, టీ డికాక్షన్‌లో ముంచితే ఏ కాగితమైనా పసుపే.

పటం కింది అంచున ముద్రణాలయం పేరు, ఊరు చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఫ్రేము కట్టినవాళ్ళు సైజు కుదరలేదని ఆ అంచును కత్తిరించేసి ఉంటే ధర బాగా పడిపోతుంది. బొమ్మ ఎంత మెరుస్తున్నా సరే. కాబట్టి ఫ్రేము మార్చే ముందు అంచు మడత కింద దాగి ఉందేమో చూడండి.

దేవతల చీరల మీద జరీ, చెమ్కీలు, గుడ్డ కుట్టిన పటాలున్నాయి. ఇంటి ఆడవాళ్ళు కుట్టినవో, అలా అలంకరించి అమ్మినవో. వీటికి విడిగా సేకరణకర్తలున్నారు. చెమ్కీ ఊడిందని మిగతాది పీకేయకండి, కొత్తది అతికించకండి.

వీటికి పట్టే జబ్బులు మూడు. వెనక కొట్టిన చెక్కపలకలోని ఆమ్లం కాగితంలోకి దిగి, పలకల సందు ఎక్కడుందో అక్కడ గోధుమరంగు గీత పడుతుంది. వానాకాలం తేమకు బొమ్మ అద్దానికి అతుక్కుంటుంది. వెండిచేప పురుగు గంజి ఉన్నచోట కాగితాన్ని గీకి తింటుంది. అద్దానికి అతుక్కున్న పటాన్ని ఇంట్లో లాగితే రంగు అద్దం మీదే మిగిలిపోతుంది. అలాగే పంపండి, వస్తువు స్థితి గురించి వేలం సంస్థ రాసే నివేదికలో ఆ సంగతి రాయించండి. బాగుచేయించే ఖర్చు కొనేవాడు లెక్కేసుకుంటాడు.

ఇంకొకటి. రవివర్మ స్వయంగా వేసిన చిత్రాలు ప్రభుత్వం ప్రకటించిన కళానిధుల్లో ఉన్నాయి. ఠాగూర్లు ముగ్గురు, అమృతా షేర్‌గిల్, జామినీ రాయ్, నందలాల్ బోస్, శైలోజ్ ముఖర్జీ, నికొలస్ రోరిక్ చిత్రాలూ అంతే. అటకలో దొరికే పటం దాదాపు ఎప్పుడూ అచ్చు పటమే. ‘ఒరిజినల్’ అనే మాటతో ఆన్‌లైన్‌లో పెట్టి తగాదా తెచ్చుకోకండి. ‘పాత రాతి అచ్చు పటం’ అంటే చాలు.

చెక్క బొమ్మలు, కొలువు బొమ్మలు

తిరుపతి ఎర్రచందనం జంట బొమ్మలు నిటారుగా నిలబడి, ముఖం నేరుగా, చేతులు ఒంటికి ఆనించి ఉంటాయి. పెళ్ళికూతురి సారెలో, కొలువులో పెట్టేవారు. నిజమైన ఎర్రచందనానికి గంధపు వాసన ఉండదు. వాసన వస్తే అనుమానించాలి. చెక్క చాలా బరువు, నీళ్ళలో మునిగేంత. అలాగని బొమ్మను నీళ్ళలో వేసి చూడకండి, అరచేతిలో తూగితే తెలిసిపోతుంది. తేలిక చెక్కకు ఎర్రరంగు పూసినదైతే అడుగున గీతల్లోనో, పగుళ్ళలోనో తెల్లటి కర్ర బయటపడుతుంది.

వీటికి వేలంలో గిరాకీ ఉంది, అయితే జతకే. విడి బొమ్మకు సగం కాదు, అంతకన్నా తక్కువ వస్తుంది. పసుపు కుంకాల మరకలు, ఏళ్ళ తరబడి చేతులు తగిలి అరిగిన నునుపు, ఇవి దోషాలు కావు, కొనేవాడికి కావలసినవే. వార్నిష్ పూశారో, విలువ పోయినట్టే.

అసలు చిక్కు కర్రది. శేషాచలం ఎర్రచందనం 1995 నుంచి, అంతరించే ముప్పున్న మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం (సైటీస్) రెండో అనుబంధంలో ఉంది. మన జిల్లాల్లో దాని రవాణా మీద అటవీ శాఖ నిఘా ఎంతో అందరికీ తెలిసిందే. అరచేతి బొమ్మకైనా బిల్లు లేకుండా కొరియర్‌లో వేయకండి. ముందు అటవీ అధికారి (డీఎఫ్ఓ) కార్యాలయంలో అడిగి, చెప్పినది రాతపూర్వకంగా తీసుకోండి. ఆ తిరుగుడు మీకు ఓపిక లేదంటే ఈ ఒక్క వస్తువును ఇంట్లో ఉంచుకోవడమే మంచిది. కొనాలనుకునేవాళ్ళకైతే ఏర్పేడు దగ్గరి మాధవమాలలో ఇతర చెక్కలతో చెక్కేవాళ్ళున్నారు, బిల్లుతో తెచ్చుకోవచ్చు.

మట్టి, కాగితపు గుజ్జు కొలువు బొమ్మలకు సెట్టు ముఖ్యం. దశావతారాలు పదీ ఒకే చేతిపనిగా ఉంటే వ్యాపారి అడుగుతాడు. ఎనిమిదుంటే పక్కింటివాళ్ళకు ఇచ్చేయండి. పైన ఎనామిల్ రంగు మళ్ళీ వేసినవాటిని వేలం సంస్థలు తీసుకోవు.

పింగాణీ బొమ్మలు

ఇక్కడ ఆశ ఎక్కువ, రాబడి తక్కువ. జర్మనీ హుమ్మెల్ బొమ్మలు 1935లో మొదలయ్యాయి, స్పెయిన్ ల్యాడ్రో సంస్థ 1953లో మొదలైంది. విపరీతంగా తయారైనవి కాబట్టి విదేశాల్లోనే సరుకు గుట్టలుగా ఉంది. మన దేశంలో పోటీపడేవాళ్ళు కొద్దిమంది. వీటికి ఆన్‌లైన్ దారే నయం, పెట్టె ఉంటే మరీ మంచిది.

అడుగు ముద్ర కాలాన్ని చెబుతుంది. ‘నిప్పాన్’ అని ఉంటే 1921కి ముందు అమెరికా మార్కెట్టుకు చేసిన జపాను సరుకు, ‘ఆక్యుపైడ్ జపాన్’ అని ఉంటే యుద్ధం ముగిశాక 1952 లోపుది. ముద్ర చాలావరకు మెరుపు పూత కింద ఉంటుంది. గోటికి తగిలితే తర్వాత వేసినదేమో చూడాలి. పగులు కోసం బొమ్మను మెల్లగా గోటితో తట్టండి. గట్టిది ఖంగుమంటుంది, వెంట్రుకవాసి పగులున్నది మొద్దుగా మోగుతుంది. అతికించి రంగు వేసిన చోటు నోట్లు పరీక్షించే అతినీలలోహిత టార్చి కింద వేరే రంగులో మెరుస్తుంది. వేళ్ళు, ముక్కు, పువ్వుల రేకులు ముందు చూడాలి, విరిగేవి అవే.

మిగతావి

శ్రీకాళహస్తి పాత కలంకారీ తెరకు మంచి వేలం దొరికితే పంపొచ్చు. చేతి గీతలో లావూ సన్నమూ మారుతుంది, రామాయణ ఘట్టాల కింద తెలుగు రాత ఉంటుంది, రంగు వెనక్కి దిగి ఉంటుంది. స్క్రీన్ అచ్చులో ఒకే ఆకు పది చోట్ల అచ్చంగా అదే. నల్లగీతకు వాడే కసిమి అనే రంగునీటిలోని ఇనుము కరక్కాయతో కలిసి ఏళ్ళ తర్వాత గుడ్డను తినేస్తుంది, నలుపు ఉన్నచోటే చిరుగులు పడతాయి. మడత పెడితే అక్కడే చీలుతుంది. లావు అట్టగొట్టానికి నూలుగుడ్డ చుట్టి దానిపై తెరను చుట్టాలి.

తంజావూరు పటమైతే వెనక్కి తిప్పండి. పనసచెక్క పలక కనిపిస్తే నిలబడి చూడండి, ప్లైవుడ్ అయితే అది అలంకరణ సామాను.

ఇత్తడి బిందెలు, గంగాళాలు తూకానికే. అంగడివాడు తరుగు ఎంత తీస్తున్నాడో అడిగి, తూకం మరోచోట సరిచూసుకోండి. పనితనమున్న దీపపు సెమ్మె, ఆకువక్కల పెట్టె మాత్రం తూకానికి వేయకండి, వ్యాపారికి చూపించండి. చింతపండుతో తోమి తళతళలాడించవద్దు, ఏళ్ళ నలుపు పోతే పాతతనం పోయినట్టే.

హెచ్ఎంటీ వాచీల సంస్థను మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించాక ఆ వాచీల మీద ఆసక్తి పెరిగింది. డయలు మీద రంగు కొత్తగా వేసినదైతే అక్షరాల అంచులు చెదిరి ఉంటాయి, అలాంటిది వందల్లోనే పోతుంది. ఇత్తడి గొట్టం గ్రామఫోన్లలో ఎక్కువ భాగం ఇటీవల బిగించిన అలంకరణ పెట్టెలు. వాటిని వేలంలో కొనకండి.

కొనేవైపు నిలబడితే లెక్క తిరగబడుతుంది. పాట 10,000కు ఖాయమై, కొనుగోలుదారు రుసుము 20 శాతం ఉంటే 2,000, దానిపై జీఎస్టీ 360. వస్తువు మీద పన్ను, రవాణా ఇంకా కలవకుండానే 12,360. ఎంత వరకు పాడాలో ఈ మొత్తాన్ని చూసుకుని నిర్ణయించుకోవాలి. తితిదే ఈ-వేలాల్లో భక్తులు సమర్పించిన వాచీలు, సెల్‌ఫోన్లు లాట్లుగా వస్తాయి. అక్కడ ధరావతు కట్టి లాటు మొత్తం ఉన్నది ఉన్నట్టు తీసుకోవాలి, మంచి వాచీ ఒక్కటి ఏరుకునే వీలుండదు. అది చిల్లర వ్యాపారికి తగిన వేలం, సేకరణకర్తకు కాదు.

పంపేటప్పుడు

పగటి వెలుతురులో ఫ్లాష్ లేకుండా ఎదురు, వెనక, అడుగు, ముద్ర, ప్రతి దెబ్బ ఫొటో తీయండి. పక్కన స్కేలు పెట్టండి. పాత పెళ్ళి ఆల్బంలోనో, కొలువు ఫొటోలోనో ఆ బొమ్మ కనిపిస్తే దాని నకలు జత చేయండి. ఇంట్లో ఎన్నాళ్ళుగా ఉందో చెప్పే ఇలాంటి ఆధారం పాటను పెంచుతుంది. రెండు మూడు సంస్థలకు ఇవే ఫొటోలు పంపి అంచనా, కమీషను, రిజర్వు రాతలో అడగండి. ముంబయిలోని సాఫ్రన్ఆర్ట్, అస్తగురు, పుండోల్స్ వంటివి పెద్ద చిత్రకళకు తగినవి. పటాలకు, వాచీలకు, బొమ్మలకు చిన్న వేలాలు నడిపేవాళ్ళే మేలు, పెద్దచోట మీ వస్తువు నెలల తరబడి గోదాములో పడి ఉంటుంది.

బొమ్మను ముందు తెల్ల టిష్యూ కాగితంలో చుట్టాలి. వార్తాపత్రిక నేరుగా తగిలితే సిరా అంటుకుంటుంది. దానిపై బుడగల షీటు, తర్వాత చిన్న పెట్టె. ఆ పెట్టె చుట్టూ ఐదు సెంటీమీటర్ల మెత్త ఉండేలా పెద్ద పెట్టె. పటం అద్దం మీద టేపును అడ్డంగా, నిలువుగా, మూల నుంచి మూలకు అంటించండి, పగిలినా గాజు బొమ్మ మీద పడదు. పాతవస్తువులకు, గాజుకు నష్టపరిహారం లేదని చాలా కొరియర్ల షరతుల్లో ఉంటుంది. చెన్నైకైతే రైల్లో చేతపట్టుకుని వెళ్ళి, అందినట్టు రసీదు మీద దెబ్బల వివరాలతో సహా రాయించుకు రావడం నయం.

కొన్నవాడు డబ్బు కట్టాకే మీకు వస్తుంది. పాట ముగిసిన నాటి నుంచి నెల, నెలన్నర పట్టవచ్చు. కొన్నవాడు ఎగ్గొడితే వస్తువు తిరిగొస్తుంది. అందుకని ఇంటి కట్టుబడి బిల్లుకో, కాలేజీ ఫీజుకో ఆ తేదీ మీద ఆధారపడకుండా, త్వరగా కావలసినంత మేరకు వ్యాపారికి అమ్మి, మిగిలినవి వేలానికి పంపండి.